పిల్లల ఉబ్బసం, స్టెరాయిడ్ పంపు, జలుబు: హైదరాబాద్ తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

జూన్ రెండో వారంలో బళ్లు తెరుస్తారు, నాలుగు వానలు పడతాయి, ఇంకో పది రోజులకల్లా మా ఓపీ బయట బెంచీల మీద దగ్గులు వినిపిస్తాయి. ఉబ్బసం ఉన్న పిల్లల అమ్మానాన్నలు ఆ రోజుల్లో అడిగే ప్రశ్నలు ఏటా దాదాపు అవే. వాటిలో సగం స్టెరాయిడ్ అన్న ఒక్క మాట చుట్టూనే తిరుగుతాయి. ఓపీలో ఒక్కొక్కరితో ఇంతసేపు మాట్లాడే వీలుండదు కాబట్టి, జవాబులు తీరిగ్గా కూర్చుని ఇక్కడ రాశాను.

బాబుకు జలుబు చేసింది. తగ్గేదాకా స్టెరాయిడ్ పంపు (ఇన్‌హేలర్) ఆపమంటారా?

ఆపకండి. మిగతాదంతా చదవడానికి తీరిక లేకపోయినా, ఈ ఒక్క జవాబు గుర్తుంచుకోండి.

ఒక వానాకాలం సాయంత్రం ఉప్పల్ నుంచి ఒక నానమ్మ ఆరేళ్ల మనవణ్ని ఎత్తుకొచ్చారు. పిల్లాడు డొక్కలు ఎగరేస్తున్నాడు, రెండు మాటలు చెప్పి మూడో మాటకు ఊపిరి అందక ఆగిపోతున్నాడు. పంపు వాడుతున్నారా అని అడిగితే ఆమె సంచిలోంచి స్టీలు డబ్బా తీశారు. అందులో పంపు, దానికి తగిలించి మందు పీల్చే ప్లాస్టిక్ గొట్టం (స్పేసర్), రెండూ మెత్తటి గుడ్డలో శుభ్రంగా చుట్టి ఉన్నాయి. పంపు మీద అంకె 112 దగ్గర ఆగి ఉంది. "సర్ది అయ్యింది గద మేడం, ఇప్పుడు స్టెరాయిడ్ ఇస్తే సర్ది ఇంక పెద్దగైతదని పక్కింటామె చెప్పింది. అందుకే ఎనిమిది రోజుల సంది బంద్ పెట్టినం" అన్నారు.

పిల్లాడి మీద ప్రేమతోనే ఆపారు. ఆమెను ఒక్క మాట అనడానికి నాకు నోరు రాలేదు. మందు రాసి ఇచ్చిన రోజే "జలుబు వచ్చినా దీన్ని ఆపొద్దమ్మా" అని మా డాక్టర్లలో ఎవరో ఒకరు ఆమెకు చెప్పి ఉండాల్సింది. సరిగ్గా ఆ మాట చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

అసలు ఉబ్బసంలో ఊపిరితిత్తుల్లో ఏం జరుగుతుంది?

మన దగ్గర దీన్ని ఉబ్బసం అంటారు, ఆయాసం అంటారు, తెలంగాణ పల్లెల్లో దమ్ము అంటారు. పిల్లలకు వస్తే మాత్రం చాలామంది ఈ పేర్లేవీ పలకరు. "కొంచెం కఫం చేరింది", "అలర్జీ దగ్గు", "నెమ్ము చేసింది" అంటూ ఏళ్ల తరబడి నెట్టుకొస్తారు. పేరు పలకనంత మాత్రాన జబ్బు తగ్గదు.

గాలి వెళ్లే గొట్టాల లోపలి పొర ఈ పిల్లల్లో బాగున్న రోజుల్లో కూడా కొద్దిగా వాచి ఉంటుంది. జలుబో, పొగో, దుమ్మో తగిలితే మూడు పనులు ఒకేసారి జరుగుతాయి: ఆ పొర ఇంకా ఉబ్బుతుంది, జిగట కఫం ఊరుతుంది, గొట్టం చుట్టూ ఉన్న కండరం బిగుసుకుంటుంది. ఇరుకైన గొట్టంలోంచి గాలి బయటికి వచ్చేటప్పుడే మీరు వినే పిల్లికూతలు పుడతాయి.

నీలం రంగు పంపులో ఉండే సాల్బుటమాల్ కండరాన్ని మాత్రమే వదులు చేస్తుంది. పది నిమిషాల్లో తేడా తెలుస్తుంది కాబట్టి దాని మీద అందరికీ నమ్మకం. బుడెసొనైడ్, ఫ్లుటికసోన్, బెక్లోమెథసోన్ లాంటి స్టెరాయిడ్ పంపులు మాత్రం ఆ వాపునే తగ్గిస్తాయి. వాటి పని తెలియడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. పీల్చిన రోజు పిల్లాడికి ఏమీ అనిపించదు. అందుకే ఇంట్లో ముందుగా మూలన పడేది ఇదే.

నీలం పంపు మీదే బండి నడిపితే ఏమవుతుందో బ్రిటన్‌లో లెక్క తీశారు. ఉబ్బసంతో జరిగిన 195 మరణాలను ఒక్కొక్కటిగా పరిశీలించి 2014లో నివేదిక ఇచ్చారు. ఉపశమనం ఇచ్చే పంపు అతిగా వాడటం, వాపు తగ్గించే పంపు తక్కువగా వాడటం అందులో మళ్లీ మళ్లీ కనిపించాయి. కెనడాలో జరిగిన ఒక అధ్యయనం 2000లో వెలువడింది. ఏడాదిలో వాడిన ప్రతి అదనపు స్టెరాయిడ్ పంపుకూ మరణించే ముప్పు 21 శాతం చొప్పున తగ్గినట్టు అందులో తేలింది. ప్రపంచమంతా డాక్టర్లు అనుసరించే గీనా మార్గదర్శకాలు 2019లో ఇంకో అడుగు ముందుకు వేశాయి. పన్నెండేళ్లు దాటిన ఎవరికీ నీలం పంపు ఒక్కటే ఇచ్చి పంపవద్దని చెప్పాయి.

మామూలు జలుబే కదా. పక్కింటి పిల్లలకు మూడు రోజుల్లో తగ్గింది, మా పాపకు మాత్రం ఛాతీలోకి ఎందుకు దిగుతుంది?

జలుబు తెచ్చే వైరస్‌లలో పెద్ద కుటుంబం రైనోవైరస్‌లది. 160కి పైగా రకాలున్నాయి, అందుకే ఒకసారి వచ్చి తగ్గినంత మాత్రాన మళ్లీ రాకుండా ఉండదు. చిన్న పిల్లలకు ఏడాదికి ఆరు నుంచి ఎనిమిది జలుబులు రావడం మామూలే. ఏడాది లోపు పసివాళ్లలో ఆర్‌ఎస్‌వి అనే వైరస్ ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. మన దేశంలో ఫ్లూ వానాకాలంలో ఒకసారి, చలి చివర్లో ఇంకోసారి విజృంభిస్తుంది.

ఉబ్బసం ఉన్న పిల్లలకు ఈ వైరస్‌లు ఎంత ముఖ్యమో ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్‌లో తేల్చారు. 9 నుంచి 11 ఏళ్ల పిల్లలను నెలల తరబడి గమనించారు. దగ్గు, ఆయాసం పెరిగిన సందర్భాల్లో 80 నుంచి 85 శాతం వాటిలో ఏదో ఒక వైరస్ దొరికింది. అది 1995 నాటి మాట. ఆ తర్వాత 2006లో రైనోవైరస్‌లలో సి అనే కొత్త రకం బయటపడింది, పిల్లల్లో ఆయాసాన్ని తీవ్రంగా తెచ్చేది ఎక్కువగా అదే. గొట్టాల పొర మీద సిడిహెచ్‌ఆర్3 అనే ప్రోటీన్‌ను పట్టుకుని అది లోపలికి వెళ్తుందని 2015లో తెలిసింది. ఆ ప్రోటీన్‌లో పుట్టుకతో వచ్చే ఒక చిన్న తేడా ఉన్న పిల్లలకు ముప్పు ఎక్కువ. అంటే కొంత మీ పాప పుట్టుకలోనే ఉంది. మీరు ఐస్‌క్రీమ్ తినిపించినందుకు వచ్చింది కాదు.

ఇంకో కారణం ఉంది. వైరస్ దూరిన కణం "దొంగలు పడ్డారు" అని చుట్టుపక్కల కణాలను లేపుతుంది. ఆ కేకే ఇంటర్‌ఫెరాన్. ఉబ్బసం ఉన్నవాళ్ల గొట్టాల కణాలు ఈ కేక గట్టిగా వేయలేకపోతున్నాయని 2005లో ఒక పరిశోధన చూపించింది. తర్వాత కొన్ని ల్యాబ్‌లలో అదే కనిపించింది, మరికొన్నింటిలో కనిపించలేదు. అలర్జీ ఎక్కువగా ఉన్న పిల్లల్లో మాత్రం సంగతి ఇంకాస్త స్పష్టంగా ఉంది. అలర్జీని అణిచే ఒమాలిజుమాబ్ ఇంజెక్షన్‌ను అమెరికాలో పిల్లలకు ఇచ్చి చూశారు. అది వైరస్‌ను చంపే మందు కాదు. అయినా జలుబుల కాలంలో వచ్చే ఉబ్బసం దాడులు తగ్గాయి, ఆ పిల్లల రక్తకణాలు రైనోవైరస్‌కు ఎదురుగా ఇంటర్‌ఫెరాన్‌ను ముందుకన్నా బాగా తయారు చేశాయి. అలర్జీ వాపు అదుపులో ఉంటే ఒళ్లు వైరస్‌తో బాగా పోరాడగలదని నేను దీన్నిబట్టి అర్థం చేసుకుంటాను.

స్టెరాయిడ్ అంటేనే రోగనిరోధక శక్తిని తగ్గించేది కదా. పంపు వాడితే ఇన్ఫెక్షన్లు ఎక్కువ రావా?

ఇది మంచి ప్రశ్న, దీన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. మీ భయానికి ఆధారం ఉంది, అది ఎక్కడిదాకా నిజమో చూద్దాం.

ల్యాబ్‌లో గొట్టాల కణాలను గాజు పాత్రలో పెంచి, వాటి మీద స్టెరాయిడ్ వేసి, తర్వాత వైరస్ వేస్తే ఇంటర్‌ఫెరాన్ తగ్గుతుంది. ఇది నిజం. పొగతాగి ఊపిరితిత్తులు పాడైన పెద్దవాళ్లకు వచ్చే సీఓపీడీ జబ్బులో, స్టెరాయిడ్ పంపు వాడేవాళ్లకు న్యుమోనియా ముప్పు కొంత పెరుగుతుందని 2007లో వెలువడిన పెద్ద ట్రయల్‌లో తేలింది. అదీ నిజమే. మీరు ఫోన్‌లో చదివి భయపడింది ఎక్కువగా ఈ రెండింటి గురించే.

మీ పిల్లాడు గాజు పాత్రలో ఉన్న కణం కాదు, నలభై ఏళ్లు సిగరెట్లు కాల్చిన తాతయ్యా కాదు. ఉబ్బసం ఉన్న పిల్లల మీద జరిగిన ట్రయల్స్‌నన్నీ ఒకచోట చేర్చి లెక్క కట్టిన సమీక్ష పీడియాట్రిక్స్ పత్రికలో 2017లో వచ్చింది. పంపు వాడిన పిల్లల్లో న్యుమోనియా గానీ, మిగతా శ్వాసకోశ ఇన్ఫెక్షన్లు గానీ పెరిగినట్టు అందులో కనబడలేదు. ఇటువైపు, రోజూ పంపు వాడే పిల్లల్లో ఆయాసం ముదిరి ఆసుపత్రిలో చేరాల్సిన సందర్భాలు తగ్గుతాయనడానికి గట్టి ఆధారాలున్నాయి.

పంపుతో తప్పకుండా పెరిగే ఇన్ఫెక్షన్ ఒకటుంది, అది నోటిలో వచ్చే బూజు. నాలుక మీద, బుగ్గల లోపల తెల్లటి పూతలా కనిపిస్తుంది. పీల్చిన వెంటనే నోరు పుక్కిలించి ఉమ్మేస్తే చాలావరకు రాదు. చిన్నపిల్లలైతే నీళ్లు తాగించండి, మాస్క్ పెట్టిన చోట మొహం తడిగుడ్డతో తుడవండి.

జలుబు చేసిన రోజునే మందు ఆపితే ఏం జరుగుతుందో ఒక్కసారి ఊహించండి. వైరస్ గొట్టంలోకి దిగుతోంది, తనతో పాటు వాపు తెస్తోంది. సరిగ్గా అప్పుడే పాత వాపును పట్టి ఉంచిన మందును మనం తీసేస్తున్నాం. కండరం వదులు చేయడానికి నీలం పంపు ఉన్నా, ఉబ్బిన పొరకు, జిగట కఫానికి ఎదురు నిలిచేది ఏదీ మిగలదు.

పీల్చే స్టెరాయిడ్‌కీ మాత్రగానో సిరప్‌గానో ఇచ్చే స్టెరాయిడ్‌కీ తేడా ఏమిటి?

ఒక చిన్న లెక్క. పదిహేను కిలోల పిల్లాడికి ఆయాసం ముదిరి, కిలోకు ఒక మిల్లీగ్రాము చొప్పున ఐదు రోజులు ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ సిరప్ ఇచ్చారనుకోండి. మొత్తం 75 మిల్లీగ్రాములు, అంటే 75,000 మైక్రోగ్రాములు. అదే పిల్లాడు 100 మైక్రోగ్రాముల బుడెసొనైడ్ పంపు పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి పీలిస్తే రోజుకు 200 మైక్రోగ్రాములు. 75,000 చేరడానికి 375 రోజులు పడుతుంది. బరువుకు బరువు చూస్తే బుడెసొనైడ్ బలమైన మందు కాబట్టి ఈ లెక్కను అక్షరాలా పట్టుకోకూడదు. అయినా పీల్చేటప్పుడు గొంతులో పడి కడుపులోకి జారిన బుడెసొనైడ్‌లో దాదాపు 90 శాతాన్ని కాలేయం మొదటిసారే విరగ్గొట్టేస్తుంది. ఒళ్లంతా తిరిగేది తక్కువే.

పంపు మానేసి, ఏడాదికి మూడుసార్లు ఆయాసం ముదిరి, మూడుసార్లు సిరప్ స్టెరాయిడ్ తాగిన పిల్లలను నేను చాలామందిని చూశాను. స్టెరాయిడ్ వద్దనుకున్న అమ్మానాన్నలే తెలియక తమ పిల్లలకు ఎక్కువ స్టెరాయిడ్ ఇప్పించినట్టు అవుతోంది. నన్ను అన్నిటికన్నా బాధ పెట్టేది ఇదే.

జిమ్ములో కండలు పెంచడానికి వాడే స్టెరాయిడ్లు పూర్తిగా వేరే జాతి. మన పంపులో ఉండేది మన అడ్రినల్ గ్రంథులు రోజూ తయారుచేసే కార్టిసాల్ అనే హార్మోన్‌కు దగ్గరి చుట్టం.

ఎత్తు ఆగిపోతుందంటారు?

ఆగిపోదు, కొద్దిగా తగ్గుతుంది. ఎంతో చెప్తాను. అమెరికాలో 5 నుంచి 13 ఏళ్ల మధ్య పిల్లలకు రోజుకు 400 మైక్రోగ్రాముల బుడెసొనైడ్‌ను ఏళ్ల తరబడి ఇచ్చి, వాళ్లు పెద్దయ్యేదాకా కొలిచారు. 2012లో వెలువడిన ఫలితం ప్రకారం తేడా సగటున 1.2 సెంటీమీటర్లు. ఆ తగ్గుదల మొదటి ఒకటి రెండేళ్లలోనే వచ్చింది, వాడేకొద్దీ పెరుగుతూ పోలేదు. మందు లేకుండా రాత్రుళ్లు నిద్రలేక, ఆటలకు దూరమై, మాటిమాటికీ జబ్బుపడే పిల్లల ఎదుగుదల కూడా కుంటుపడుతుంది. అందుకే పని చేసే అతి తక్కువ మోతాదు ఇస్తాం, ఆరునెలలకోసారి ఎత్తు కొలుస్తాం. మీ డాక్టరు కొలవకపోతే కొలవమని అడగండి, మొహమాటపడకండి.

ఎక్కువ మోతాదు చాలాకాలం వాడే పిల్లల సంగతి వేరు. వాళ్ల అడ్రినల్ గ్రంథులు మందగించవచ్చు. అలాంటివాళ్లు ఒక్కసారిగా ఆపడం ప్రమాదం. ఆపరేషన్‌కో, పెద్ద జ్వరానికో వెళ్లినప్పుడు ఈ మందు సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి.

జలుబు మొదలవగానే పంపు డోసు రెండింతలో ఐదింతలో చేస్తే దాడి ఆగుతుందా?

ఆలోచన బాగుంది, పరీక్షిస్తే నిలబడలేదు. రోజూ పంపు వాడుతున్న 5 నుంచి 11 ఏళ్ల పిల్లల్లో, లక్షణాలు మొదలవగానే మోతాదు ఐదింతలు చేసి చూశారు. 2018లో వచ్చిన ఆ ఫలితాల్లో తీవ్రమైన దాడులు తగ్గలేదు. మీ డాక్టరు ప్రత్యేకంగా వేరే ప్లాన్ రాసి ఇస్తే తప్ప, రోజూ ఇచ్చే మోతాదు రోజూలాగే ఇవ్వండి. నీలం పంపును అవసరాన్నిబట్టి జోడించండి.

బాబుకు రెండేళ్లు. జలుబు చేసినప్పుడే పిల్లికూతలు. ఇది ఉబ్బసమేనా?

ఈ వయసులో ఖాయంగా చెప్పడం కష్టం, ఎవరైనా మొదటిసారే ఖాయంగా చెబితే నేనైతే కొంచెం ఆగి వింటాను. ఊది చేసే పరీక్షలు ఐదారేళ్లకు గానీ కుదరవు. అమెరికాలోని టక్సన్‌లో పుట్టిన పిల్లలను ఏళ్ల తరబడి గమనిస్తే, మూడేళ్లలోపు పిల్లికూతలు వచ్చిన వాళ్లలో 60 శాతం దాకా ఆరేళ్లకల్లా బాగైపోయారు.

మేం చూసేది ఇవి: జలుబు లేని రోజుల్లో, నవ్వినప్పుడు, పరుగెత్తినప్పుడు, తెల్లవారుజామున దగ్గు వస్తుందా? ఒంటి మీద ఎగ్జిమా ఉందా? అమ్మకో నాన్నకో ఉబ్బసం ఉందా? ఇవి ఉంటే కొన్ని నెలలు పంపు ఇచ్చి చూస్తాం. ఇవేవీ లేకుండా జలుబుతో మాత్రమే వచ్చి, మధ్యలో పూర్తిగా బాగుండే పిల్లలకు రోజువారీ పంపు అక్కర్లేకపోవచ్చు. ఇలాంటి చిన్నపిల్లలకు ప్రతిసారీ సిరప్ స్టెరాయిడ్ పోయడం గురించి కూడా ఒక మాట. ఆసుపత్రిలో చేరిన 10 నెలల నుంచి ఐదేళ్లలోపు పిల్లల్లో ప్రెడ్నిసొలోన్ ఇచ్చినా ఇవ్వకపోయినా ఇంటికి వెళ్లే సమయం మారలేదని 2009లో తేలింది. బాగా తీవ్రంగా ఉన్న పిల్లలకు ఇస్తాం. ప్రతి పిల్లికూతకూ మాత్రం కాదు.

పంపు అలవాటైతే ఇక జీవితాంతం వదలదా?

అలవాటు పడే మందు కాదు. కళ్లజోడు పెట్టుకుంటే చూపు బాగుంటుంది, తీసేస్తే మళ్లీ మసక. దాన్ని ఎవరూ అలవాటు అనరు కదా. అయితే ఒక సంగతి ముందే చెప్పాలి. పంపు వాపును అదుపులో పెడుతుంది గానీ జబ్బును వేళ్లతో పెకలించదు. ముప్పు ఎక్కువున్న చిన్నపిల్లలకు రెండేళ్లు ఇచ్చి ఆపేసి చూశారు. వాడినంతకాలం బాగున్నారు, ఆపిన ఏడాదిలో వాడని వాళ్లతో సమానమయ్యారు. 2006 నాటి ఫలితం ఇది. ఏళ్ల తర్వాత చాలామందిలో జబ్బు తనంతట తానే నెమ్మదిస్తుంది. అప్పటిదాకా పిల్లాడు ఆడుకోవాలి, నిద్రపోవాలి, బడికి వెళ్లాలి. మందు అందుకోసమే.

నెబులైజర్ పెట్టిస్తే ఇంకా బాగా పనిచేస్తుందేమో?

ఆ యంత్రం చప్పుడు, పొగ చూస్తే గట్టి వైద్యం జరుగుతున్నట్టు ఉంటుంది. కానీ మామూలు, మధ్యస్థ ఆయాసంలో స్పేసర్‌తో ఇచ్చిన నీలం పంపు నెబులైజర్‌తో సమానంగా పనిచేస్తుంది. గుండెదడ కూడా తక్కువ. మరీ తీవ్రంగా ఉండి ఆక్సిజన్ అవసరమైనప్పుడు నెబులైజర్ కావాలి.

పంపు పనిచేయట్లేదని వచ్చే వాళ్లను నేను ముందుగా "నా ముందు ఒకసారి పట్టండి" అంటాను. మందు ఎక్కడ పోతుందో కళ్లముందే కనిపిస్తుంది. ఒకసారి ఒక నాన్న మాస్క్‌ను పాప ముక్కు మీద ఆనీ ఆనకుండా పట్టుకుని నొక్కారు. తెల్లటి మంచు బుగ్గ పక్కనుంచి పైకి లేచి పాప కనురెప్పల మీద వాలింది. ఊపిరితిత్తుల్లోకి ఏమాత్రం వెళ్లిందో చెప్పక్కర్లేదు. నాలుగు నెలలుగా ఆ ఇంట్లో అలాగే జరుగుతోంది.

సరైన పద్ధతి ఇది. పంపును బాగా కుదపండి. మాస్క్ ముక్కు, నోరు రెండింటినీ కప్పి, అంచు చుట్టూ గాలి పోకుండా ఆనాలి. ఒక్కసారే నొక్కండి, పిల్లాడు మామూలుగా ఐదారుసార్లు ఊపిరి తీసుకునేదాకా కదపకండి. రెండోది కావాలంటే అర నిమిషం ఆగి, మళ్లీ కుదిపి నొక్కండి. ఏడుస్తున్నప్పుడు లోపలికి వెళ్లేది బాగా తక్కువ, కాబట్టి బొమ్మ చూపించో కథ చెప్పో ఊరుకోబెట్టి ఇవ్వండి. నాలుగేళ్లు దాటాక మాస్క్ తీసేసి స్పేసర్ మూతి నోట్లో పెట్టుకోవడం నేర్పండి. స్పేసర్‌ను వారానికోసారి గిన్నెల సబ్బు కలిపిన నీళ్లలో ముంచి, గుడ్డతో తుడవకుండా నీడలో ఆరనివ్వండి. తుడిస్తే ప్లాస్టిక్‌కు విద్యుత్తు పుట్టి మందు గోడలకు అంటుకుంటుంది. పంపులో మందుందా లేదా చూడటానికి నీళ్లలో వేసి తేలుతుందా అని చూసే పద్ధతి పనికిరాదు. అంకె ఉంటే అంకె చూడండి, లేకపోతే మొదలుపెట్టిన తేదీ పెన్నుతో దాని మీద రాసుకోండి.

ప్రతిసారీ యాంటీబయాటిక్ రాస్తున్నారు. అవసరమా?

వైరస్ మీద యాంటీబయాటిక్ పనిచేయదు. చీమిడి పచ్చగా ఉన్నంత మాత్రాన బాక్టీరియా అని కాదు. జ్వరం రోజులకొద్దీ తగ్గకుండా, నెమ్ము చేసినట్టు డాక్టరుకు ఛాతీలో వినిపిస్తే అప్పుడు వేరు. దగ్గు మొదలవగానే మెడికల్ షాపులో అడిగి అజిత్రోమైసిన్ కొనకండి.

టీకాలు వేయించవచ్చా? ఇంట్లో ఎవరికైనా అమ్మవారు పోస్తే?

పీల్చే స్టెరాయిడ్ ఏ టీకాకూ అడ్డు కాదు, బతికున్న వైరస్‌తో చేసిన ఎంఎంఆర్, చికెన్‌పాక్స్ టీకాలతో సహా. రోజుకు కిలోకు 2 మిల్లీగ్రాములు గానీ, మొత్తం 20 మిల్లీగ్రాములు గానీ, లేదా అంతకు మించి గానీ స్టెరాయిడ్ మాత్రలు, సిరప్ రెండు వారాలు వాడితే మాత్రం అలాంటి టీకాలకు ఒక నెల ఆగుతాం.

ఫ్లూ టీకా ఆరు నెలలు నిండిన దగ్గర్నుంచి ఏటా వేయించండి. తొమ్మిదేళ్లలోపు మొదటిసారి అయితే నాలుగు వారాల తేడాతో రెండు డోసులు. మన ఊళ్లో వానలు రాకముందే, అంటే ఏప్రిల్, మే నెలల్లో వేయించడం నాకు నచ్చిన పద్ధతి.

అమ్మవారు పోసిన ఇంట్లో ఉన్న పిల్లాడు మామూలు మోతాదు పంపు మీదుంటే ఆపనక్కర్లేదు. ఈమధ్య స్టెరాయిడ్ సిరప్ తాగి ఉండి, టీకా వేయించుకోకపోతే, పొక్కులు వచ్చేదాకా చూడకుండా ఆ రోజే డాక్టరుకు చెప్పండి.

కోవిడ్ రోజుల్లో పంపులు ఆపమన్నారు కదా?

కొందరు అన్నారు, చాలామంది భయంతో ఆపేశారు. తర్వాత తెలిసింది దాదాపు దానికి ఎదురు. పీల్చే స్టెరాయిడ్ వాడేవాళ్ల శ్వాసకోశ కణాల్లో, కోవిడ్ వైరస్ తలుపుగా వాడుకునే ఏస్2 అనే ప్రోటీన్ తక్కువగా కనిపించింది. ఆక్స్‌ఫర్డ్‌లో పెద్దవాళ్లకు కోవిడ్ మొదటి రోజుల్లో బుడెసొనైడ్ పీల్పించి చూస్తే ఆసుపత్రి అవసరం తగ్గిందని 2021లో తేలింది. పిల్లలు కోవిడ్‌కు పంపు వాడాలని దీనర్థం కాదు. ఉన్న పంపు ఆపనక్కర్లేదని మాత్రమే.

మృగశిర నాడు చేప మందు వేయిస్తాం. పంపు ఆపాలా?

నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో బత్తిని కుటుంబం ఇచ్చే చేప ప్రసాదానికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. 1845 నుంచి ఇస్తున్నామని ఆ కుటుంబం చెబుతుంది. ఆ నమ్మకాన్ని తక్కువ చేసి మాట్లాడటం నాకిష్టం లేదు. మా అమ్మమ్మ కూడా మృగశిర కార్తె నాడు ఇంట్లో చేపల కూర లేకుండా ఊరుకునేది కాదు.

డాక్టరుగా మాత్రం మూడు మాటలు చెప్పాలి. ఉబ్బసాన్ని అది తగ్గిస్తుందని చూపే శాస్త్రీయ ట్రయల్ ఏదీ లేదు కాబట్టి, దాన్ని నమ్ముకుని పంపు ఆపకండి. మృగశిర వచ్చేది సరిగ్గా బళ్లు తెరిచే, వానలు మొదలయ్యే వారంలోనే, మందు ఆపడానికి ఏడాది మొత్తంలో అంతకన్నా చెడ్డ సమయం లేదు. బతికున్న కొర్రమీను పిల్లను మింగడం చిన్నపిల్లలకు గొంతుకు అడ్డం పడే ప్రమాదం. ఇక గంటల తరబడి జనంలో నిలబడితే దగ్గులు, తుమ్ములు అంటుకుంటాయి. వెళ్లే తీరతామంటే నీలం పంపు, స్పేసర్ చేతిసంచిలో ఉంచుకోండి.

ఇంట్లో ఏం మార్చాలి? పెరుగు, అరటిపండు మానిపించాలా?

పెరుగు, అరటిపండు, జామకాయ మానిపించనక్కర్లేదు. ఫలానా వస్తువు తిన్న ప్రతిసారీ దద్దుర్లో ఆయాసమో వస్తే అప్పుడు చూద్దాం. తిండి మీద పెట్టే కాపలా పొగ మీద పెట్టండి.

పసిపిల్లకు తలంటి పోసి సాంబ్రాణి పట్టడం మనకు ముద్దైన ఆచారం. ఉబ్బసం ఉన్న ఇంట్లో అది వద్దు. దోమల చక్రం, గది తలుపులు మూసి వెలిగించే అగరుబత్తి, బాల్కనీలో కాల్చే సిగరెట్, సందు చివర తగలబెట్టే చెత్త, భోగి మంట, దీపావళి పొగ, అన్నీ ఒకే కోవ. దోమతెర వాడండి. అపార్ట్‌మెంట్ బాల్కనీలో పావురాల రెట్టలు ఉంటే పిల్లలు లేనప్పుడు నీళ్లు చల్లి తడిపి తీయండి, పొడిగా ఊడ్చకండి. ఖాళీ ప్లాట్లలో తెల్లటి చిన్న పూలతో ఏపుగా పెరిగే వయ్యారిభామ కూడా కొందరికి పడదు.

బయట నుంచి రాగానే చేతులు కడుక్కోవడం, జలుబు చేసిన పెద్దవాళ్లు పసివాళ్లను ముద్దు పెట్టుకోకపోవడం, ఇవి చిన్నవిగా కనిపిస్తాయి గానీ వైరస్‌ను ఆపడంలో మన చేతిలో ఉన్నవి ఇవే.

ఎప్పుడు ఇంట్లో ఆగకుండా పరుగెత్తాలి?

ఆయాసం మొదలైతే స్పేసర్‌తో నీలం పంపు రెండుసార్లు, ఒకదాని తర్వాత ఒకటి ఇవ్వండి. తగ్గకపోతే 20 నిమిషాలకు మళ్లీ, ఇంకో 20 నిమిషాలకు మళ్లీ. గంటలో మూడు విడతలు ఇచ్చినా తేలిక పడకపోతే, లేదా తగ్గి మూడు నాలుగు గంటల్లోపే మళ్లీ వస్తే ఆసుపత్రికి బయల్దేరండి.

కొన్ని కనిపిస్తే మూడు విడతలూ ఆగవద్దు: డొక్కలు లోపలికి పోతున్నాయి, గొంతు కింద గుంట పడుతోంది, పూర్తి వాక్యం చెప్పలేకపోతున్నాడు, పాలు తాగలేకపోతోంది, పెదాలు నీలంగా మారాయి, మగతగా ఉంది. ఒక నిమిషం గడియారం పెట్టుకుని ఊపిరి లెక్కపెట్టండి. ఒకటి నుంచి ఐదేళ్ల పిల్లల్లో 40 దాటితే, అంతకన్నా పెద్దవాళ్లలో 30 దాటితే వేగం ఎక్కువ. వేలికి పెట్టే యంత్రంలో ఆక్సిజన్ 92 కన్నా తక్కువ చూపిస్తే అత్యవసరం. పిల్లికూతలు హఠాత్తుగా ఆగిపోయి పిల్లాడు ఇంకా నీరసపడితే తగ్గిందని అనుకోకండి. గాలి కదలడమే తగ్గిపోయినప్పుడు కూత కూడా వినిపించదు. 108కి ఫోన్ చేయండి, దారిలో నీలం పంపు ఇస్తూనే ఉండండి. నీలోఫర్ లాంటి పిల్లల ఆసుపత్రి దూరమైతే అక్కడిదాకా వెళ్లాలని చూడకుండా, ఆక్సిజన్ ఉన్న దగ్గరి ఆసుపత్రిలో దిగండి.

మరి పంపు ఎప్పుడు ఆపవచ్చు?

రాత్రి దగ్గు లేకుండా, నీలం పంపు దాదాపు అవసరం పడకుండా, పరుగులకు ఆయాసం లేకుండా మూడు నెలలు గడిస్తే మోతాదు తగ్గించే మాట మాట్లాడుకుందాం. ఒక్కసారిగా కాదు, మెట్టు మెట్టుగా. ఎప్పుడు మొదలుపెట్టాలన్నది కూడా ముఖ్యమే. బళ్లు తెరిచే జూన్‌లో వద్దు, చలి ముదిరే డిసెంబర్‌లో వద్దు, ఇంట్లో ఎవరికో జలుబున్న వారంలో వద్దు. పరీక్షలైపోయి సెలవులిచ్చాక, ఏప్రిల్‌లో, ఎండలు కాసే రోజుల్లో ఒక మెట్టు దిగి చూస్తాం. ఊరికి తాతయ్య వాళ్లింటికి పంపేటప్పుడు మిగిలిన పంపు, స్పేసర్, నీలం పంపు, ఎలా ఇవ్వాలో రాసిన కాగితం కూడా బ్యాగులో పెట్టి పంపండి. తిరిగొచ్చాక జూన్ మొదటి వారంలో ఒకసారి తీసుకురండి, ఛాతీ విని, ఎత్తు కొలిచి, వానాకాలానికి ఏ మోతాదులో ఉండాలో చూద్దాం.